టేకు బద్దతో బాణం ఇంట్లోనే ఎలా చేయాలి? రంగులు ఎలా వేయాలి?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో పెరిగినవాళ్లకు విల్లంబులు కొత్త కాదు. అదే జిల్లాలో భామ్రాగఢ్ వైపు ఉండే మాడియా గోండు ఆదివాసుల విల్లు వెదురుదే, దాని నారి కూడా వెదురు బద్దే. ఒక మాట ముందే చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మనం చేసేది పాత వేట బాణం పద్ధతిలోనే, కానీ ఇనుప ములికి (మొన) లేకుండా, గడ్డి మోపు మీద గురి చూసుకోవడానికి.

చెట్టు నరకొద్దు. వడ్రంగి దగ్గర తలుపులు చేయగా మిగిలిన టేకు బద్దలు అడగండి. 10 మిల్లీమీటర్ల చదరం, మూడడుగుల పొడవు చాలు. చెక్కలోని గీతలు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆగకుండా పోవాలి. మధ్యలో పక్కకు జారి అంచులో కలిసిపోతే ఆ బద్ద పొయ్యిలోకే. నా మొదటి బాణానికి ఇది పట్టించుకోలేదు. నారి వదలగానే గీత జారిన చోటే ఏటవాలుగా చీలి, పుల్ల మొన నా ఎడమ బొటనవేలిని రాసుకుంటూ పోయింది. ఇప్పుడు పది బద్దలు చూసి రెండే తెచ్చుకుంటాను.

పనిముట్లు మనమే చేసుకోవచ్చు. ఒక పలకకు పొడవునా V ఆకారంలో గాడి తీసి, చివర మేకు కొట్టండి. బద్ద అందులో కదలకుండా కూర్చుంటుంది. చిత్రికతో నాలుగు మూలలూ తీస్తే ఎనిమిది పలకలు, వాటి మూలలూ తీస్తే పదహారు. తర్వాత చిన్న చెక్క దిమ్మెకు బరమాతో (చేతి డ్రిల్లుతో) 9 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, నిలువునా రెండుగా కోసి, లోపల ఉప్పు కాగితం అంటించండి. పుల్లను మధ్యలో పెట్టి, పిడికిలి బిగించి తిప్పుతూ లాగితే గుండ్రంగా వస్తుంది. వంకర ఉంటే నిప్పుల సెగ చూపించి, చల్లారేదాకా బొటనవేళ్లతో నొక్కి పట్టుకోండి.

కొలతకు పుల్లను రొమ్ము మధ్య ఆనించి చేతులు చాపండి. వేళ్ల కొసలకు అంగుళం అవతల కోయండి. రెండు హాక్సా బ్లేడ్లు జత కట్టి, వెనక కొసలో నారి కూర్చునే గాడి తీయండి. కొసలో కనిపించే గీతలకు అది అడ్డంగా ఉండాలి, లేకపోతే నారి దెబ్బకు చీలుతుంది. గాడి కింద దారం చుట్టండి. ముందు కొసను మొద్దుగా అరగదీసి రాగి తీగ చుట్టండి. ముందు బరువుంటేనే బాణం తిన్నగా పోతుంది.

రంగుల పనంటే నాకు ప్రాణం. చెప్పుల డబ్బాకు రెండు పక్కలా గాట్లు పెట్టి పుల్లను వాటిలో పడుకోబెట్టండి. బ్రష్ కదపకూడదు, ఎడమ చేత్తో పుల్లనే తిప్పాలి. అప్పుడే గీత మొదలైన చోటే వచ్చి కలుస్తుంది. జాజు (ఎర్రమట్టి), మసి, సుద్ద పొడిని కాస్త ఫెవికాల్ నీళ్లలో కలుపుకుంటే మూడు రంగులు. నేను జాజుతో అంగుళం పట్టీ వేసి, దాని రెండు పక్కలా దారమంత నల్ల గీత గీస్తాను. గడ్డిలో పడ్డా కనిపిస్తుంది, ఎవరి బాణమో తెలుస్తుంది. ఆరాక స్పిరిట్ పాలిష్ పెట్టండి, పింజ, అంటే వెనక ఈకలు అంటించే చోటు మాత్రం వదిలేయండి.

పింజకు కోడిపుంజు ఈకలు మూడు, ఒకే వైపు రెక్కవి. నెమలి ఈకల జోలికి పోవద్దు. కాడను నిలువునా చీల్చి నాలుగంగుళాలు ఉంచుకోండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి స్పిరిట్ గుడ్డతో తుడిచాకే ఫెవికాల్ రాయండి. ఒక ఈక గాడికి అడ్డంగా, మిగతా రెండూ సమాన దూరంలో. ఈకల రెండు కొసలూ దారంతో చుట్టి రాత్రంతా ఆరనివ్వండి.

వేసే ప్రతిసారీ బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచండి. చిటుక్కుమని వినిపిస్తే అక్కడే విరిచేయండి.