టాకోమీటర్ (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు) ముల్లు ఎర్ర గీత దాటితే ఎక్కడ చూడాలి

అనంతపురంలో మా షెడ్డు 44వ నంబరు హైవే పక్కనే. బెంగళూరు, హైదరాబాదు మధ్య తిరిగే స్పోర్ట్స్ కార్ల కుర్రాళ్లు ఆగినప్పుడు అడిగేది ఒకటే: "అన్నా, రెవ్ లిమిటర్ ఉంది కదా, ఇంజిన్ ఎట్లా పోతుంది?"

ఇంజిన్ హద్దు దాటి తిరగబోతే లిమిటర్ పెట్రోలునో స్పార్కునో ఆపుతుంది, అంతే. మాన్యువల్ గేరులో ఐదు నుంచి నాలుగు వేయబోయి రెండులో పడేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. దాన్ని లిమిటర్ ఆపలేదు. వాల్వులను మూసే స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు, పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. వెంటనే క్లచ్ తొక్కి, పక్కకు ఆపండి. శబ్దం మారిందా, మళ్లీ స్టార్ట్ చేయొద్దు, బండిని లాగించుకుని రండి.

ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) లేచినా బండి వేగం అందుకోకపోతే, ఇంజిన్ బలాన్ని గేర్లకు అందించే క్లచ్ ప్లేటును అనుమానించండి. ఖాళీ రోడ్డు మీద పై గేరులో, తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ముల్లు ఎగిరి, స్పీడు అక్కడే ఉంటే ప్లేటు జారుతున్నట్టే.

న్యూట్రల్‌లోనే ఇంజిన్ అరుస్తోందా? ముందు కాలికింద మ్యాటు చూడండి. నవ్వకండి, పెడల్‌కు అడ్డం పడేది అదే. తర్వాతే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే భాగం) మసి, గాలి లోపలికి పోయే ఇన్‌టేక్ గొట్టంలో పగులు చూడండి.