ప్రథమ చికిత్స నేర్చుకుందాం – 4: మేకు చేతిలో దిగితే

పోయిన పాఠంలో కోతగాయాన్ని అదిమిపట్టి రక్తం ఆపడం చేసి చూశాం. ఈ గాయానికి అది పనికిరాదు. ప్లైవుడ్ పనిలో నెయిల్ గన్ (గాలి ఒత్తిడితో మేకులు దిగగొట్టే పరికరం) జారితే మేకు దిగేది చాలాసార్లు చెక్కను పట్టుకున్న రెండో చేతిలోకే.

ముందు కంప్రెసర్ గొట్టం ఊడదీయండి. కంగారులో ట్రిగ్గర్ మళ్లీ నొక్కుకుంటే ఇంకో మేకు దిగుతుంది.

ఆ వెంటనే ఎవరో ఒకరు కటింగ్ ప్లేయర్ పట్టుకొస్తారు. పీకనివ్వకండి. నేను చూసిన ఓ వడ్రంగి చూపుడువేలిలో, మేకు తల కింద సన్నని తీగముక్క సగం చర్మంలోకి పోయి కనిపించింది. గన్‌లో మేకులు తీగతోనో ప్లాస్టిక్ పట్టీతోనో వరసగా అతికి ఉంటాయి. ఆ ముక్క కూడా మేకుతోపాటు లోపలికి పోతుంది. వెనక్కి లాగితే గాలంలా కండను చీల్చుకుంటూ వస్తుంది. పైగా తెగిన రక్తనాళానికి మేకే బిరడాలా అడ్డుపడి ఉండొచ్చు.

ఇక సాధన. మీ ఎడమ అరచేతిలో చిన్న పెన్సిల్ ముక్కను నిలబెట్టి, ఇంట్లో ఒకరిని పట్టుకోమనండి. రెండు చేతిరుమాళ్లను చుట్టచుట్టి దానికి చెరోపక్కా ఆనించండి. చుట్టలు ముక్క కంటే ఎత్తుగా ఉండాలి. ఇప్పుడు బ్యాండేజీ చుట్టండి, ముక్క మీద నుంచి కాదు, చుట్టల మీద నుంచి. చెయ్యి కదిపినా ముక్క కదలకపోతే కట్టు కుదిరినట్టే. నాలుగైదుసార్లు చేస్తేగానీ చెయ్యి తిరగదు.

నిజం గాయమైతే ఉంగరం వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రాదు. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. పసుపు, కాఫీపొడి వద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి. మెడలోనో ఛాతీలోనో కంట్లోనో దిగితే మేకును కదపకుండా 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అదే పట్టీలోంచి ఒక మేకు జేబులో వేసుకోండి. ఎంత పొడవు, తీగ ఉందా లేదా అన్నది డాక్టరు దాన్ని ఎక్స్‌రే పక్కన పెట్టి చూసుకుంటారు. మత్తు ఇవ్వకముందే వేలికొనలో స్పర్శ ఉందా, వేలు వంగుతోందా అని పరీక్షిస్తారు; మత్తెక్కాక ఆ సంగతి తెలియదు. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. ఇలాంటి గాయానికి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు.

వచ్చే పాఠం గ్రీజునో రంగునో గట్టి ఒత్తిడితో చిమ్మే గ్రీజ్ గన్, పెయింట్ స్ప్రే గన్ గాయాల మీద. అక్కడ చర్మం మీద కనిపించేది సూదిమొనంత రంధ్రమే, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. కానీ లోపల రంగు వేలి పొడవునా పాకిపోతుంది. పాఠం వచ్చేలోపు ఎవరికైనా జరిగితే తెల్లారేదాకా ఆగకుండా, ఆ గంటలోనే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి.