ఉల్కల ప్రతిధ్వనికి ఏ యాంటెన్నా?

ఐరోపాలో ఉల్కలను రేడియోతో గమనించే ఔత్సాహికులలో చాలామంది ఉపగ్రహాలను కనిపెట్టేందుకు ఫ్రాన్స్‌లో నెలకొల్పిన గ్రావ్స్ రాడార్‌పై ఆధారపడతారు; 143.050 మెగాహెర్ట్జ్ వద్ద అది నిరంతరం ప్రసారం చేసే తరంగాలు, సుమారు 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున ఉల్క మండినప్పుడు ఏర్పడే అయనీకృత బాటను తాకి నేలవైపు మళ్లుతాయి. ఈ ప్రతిధ్వనిని అందుకోవడానికి మూడు ఎలిమెంట్ల (లోహపు కడ్డీల) యాగీ, అంటే ఒక దిశకు గురిపెట్టే యాంటెన్నాయే ఉత్తమం. ఎలిమెంట్లు పెంచితే సంకేత బలం పెరుగుతుంది గానీ, యాంటెన్నా చూసే ఆకాశం కుంచించుకుపోయి, పక్కగా రాలే ఉల్కలు చేజారిపోతాయి. చోటు చాలనివారు ఒక మీటరు పొడవున్న డైపోల్‌తో (రెండు కడ్డీల సాదా యాంటెన్నాతో) మొదలుపెట్టవచ్చు. యాగీని రాడార్ ఉన్న ఊరివైపు నేలబారుగా కాక, దాని తరంగాలు పరుచుకునే ఆకాశభాగం వైపు తిప్పాలి: ఆ భాగం 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే సుమారు 15 డిగ్రీలు, 500 అయితే 8 డిగ్రీలు పైకెత్తితే సరిపోతుంది. రిసీవర్‌ను అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో (పెట్టిన పౌనఃపున్యానికి పైనున్న సంకేతాలను స్వరంగా వినిపించే పద్ధతిలో) 143.049 మెగాహెర్ట్జ్ వద్ద ఉంచితే, ప్రతిధ్వని ఒక కిలోహెర్ట్జ్‌కు దగ్గరి స్వరంగా వినిపిస్తుంది.