శుక్లం ఆపరేషన్ అయ్యాక కంటి ముందు గదిని ఎలా కాపాడుకోవాలి

ఆపరేషన్ అయి వారం తిరగ్గానే చూపు తేటగా వచ్చేసిందని చుక్కల మందు ఆపేస్తుంటారు చాలామంది. మా అమ్మ కూడా ఆపేయబోయింది. దయచేసి అలా చేయకండి.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియాకి, దాని వెనక రంగు తెరలా ఉండే ఐరిస్‌కి మధ్య ఉన్న చోటునే ముందు గది అంటారు. లోతు సుమారు 3 మిల్లీమీటర్లు, అందులో పట్టే నీరు పావు మిల్లీలీటరు. ఆ నీరు లోపల ఊరుతూ, గది మూలలో జల్లెడలాంటి దారిగుండా బయటికి పోతూ ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ ఐరిస్ వెనకే ఉండే మన సొంత లెన్స్ (శుక్లం వచ్చి మసకబారేది ఇదే) లావెక్కి ఐరిస్‌ను ముందుకు నెడుతుంది, గది ఇరుకవుతుంది, కొందరికి ఆ మూల మూసుకుపోయి కంటి ప్రెషర్ పెరుగుతుంది. ఆపరేషన్‌లో 4, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ లెన్స్ తీసేసి సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండే కృత్రిమ లెన్స్ పెడతారు కాబట్టి ఐరిస్ వెనక్కి జరుగుతుంది, గది లోతవుతుంది, ప్రెషర్ కూడా చాలామందికి కాస్త తగ్గుతుంది. అలాగని గ్లకోమా (నీటికాసులు, కంటి ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) మందు వాడేవాళ్లు దాన్ని సొంతంగా మానేయకూడదు.

ఇదంతా మంచికే, కానీ మొదటి కొన్ని వారాలు ఆ గదిలో వాపు ఉంటుంది. పెంకుటింట్లో కప్పు సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు, డాక్టర్ యంత్రంలోంచి సన్నటి వెలుగు వేసి చూస్తే ఆ నీటిలో వాపు కణాలు తేలుతూ కనిపిస్తాయి. అవి తగ్గేదాన్ని బట్టే రోజుకు ఎన్నిసార్లు చుక్కలు వేయాలో మెల్లగా తగ్గిస్తూ వస్తారు. చూపు బాగుందా లేదా అన్నదాన్ని బట్టి కాదు.

చుక్క వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కొద్దిగా లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది, ఒక్క చుక్క అందులో పడితే చాలు. సీసా మూతి రెప్పకు తగలకూడదు (నాలుగో రోజున నేను తగిలించాను, ఆ సీసా పారేసి కొత్తది తెచ్చుకున్నాం). రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. రాత్రి కంటికి షీల్డ్ (కన్ను మీద పెట్టే గట్టి మూత) పెట్టుకోవాలి, నిద్రలో నలిపేసుకుంటే ఆపరేషన్‌కి పెట్టిన 2, 3 మిల్లీమీటర్ల కోత తెరుచుకునే ప్రమాదం ఉంది. కుట్లు వేయకుండా దానంతటదే అతుక్కునే కోత కదా. తలస్నానం, బరువులెత్తడం డాక్టర్ సరే అన్నాకే.

మొదటి రోజుల్లో కొంచెం గరగర, మసక మామూలే. కానీ నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వచ్చిన చూపు మళ్లీ తగ్గినా, ఎరుపు ఎక్కువైనా, తలనొప్పితో వాంతులైనా, నల్లగుడ్డు అడుగున తెల్లటి పొర కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ప్రెషర్ పెరగడమూ కావచ్చు. ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న చుక్కల సీసాలు చేతిలో పట్టుకుని రాత్రయినా సరే బయలుదేరండి.