పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో ఆడవాళ్ల పెళ్లి: ముందు డబ్బు లెక్క రాసుకోండి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివే పిల్లలకు పెళ్లి మీద ప్రశ్న వస్తే, చాలామంది ప్రేమ గురించి రెండు పేజీలు నింపేస్తారు. నాయిక ఎవరిని ప్రేమించిందన్నది తర్వాత సంగతి. పెళ్లి కాకపోతే ఆమెకు జరుగుబాటు ఎలాగో ముందు తేల్చండి.

అందుకు డబ్బు అంకె కనిపించిన ప్రతిచోటా గీత పెట్టుకోండి. ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ (1813)లో నాయిక ఎలిజబెత్ తండ్రికి ఏటా 2,000 పౌన్ల రాబడి, అయిదుగురూ ఆడపిల్లలే. ఆస్తి మగవారసులకే చెందే ఏర్పాటు కాబట్టి ఆయన పోయాక బంధువు కాలిన్స్‌కు పోతుంది. తల్లి తదనంతరం ఎలిజబెత్‌కు దక్కేది 1,000 పౌన్లు. నాలుగు శాతం వడ్డీకి ఏడాదికి 40. ‘జేన్ ఐర్’ (1847)లో జమీందారు ఇంట పిల్లకు చదువు చెప్పినందుకు జేన్ జీతం ఏడాదికి 30. ఈ అంకెలు పక్కపక్కన రాసుకున్నాక ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ దగ్గరకు రండి. ఆమెకు 27 ఏళ్లు, చేతిలో డబ్బు లేదు. ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను ఆమె చేసుకోవడం ఆశపోతుతనం అని రాస్తే తప్పు. ఆమెకున్న దారి అదొక్కటే.

ఎలిజబెత్‌కు దక్కే ఆ వెయ్యి పౌన్లను కట్నం అనేస్తే మార్కులు పోతాయి. ఉన్నవాళ్లు పెళ్లికి ముందే కాగితాలు రాయించుకుని, భార్యాపిల్లల పేర కొంత సొమ్ము కట్టడి చేసేవారు. మన వైపు పసుపుకుంకుమ కింద కూతురికి రాసిచ్చే మాగాణి దీనికి దగ్గర. ఆ కాగితం లేకపోతే ఆమె రొక్కం, నగలు, సంపాదన అన్నీ చట్టప్రకారం మొగుడివే. ఇంగ్లండ్‌లో 1870 చట్టం ఆమె సంపాదనను ఆమెకు మిగిల్చింది. ఆస్తి మీద పూర్తి హక్కు 1882లో గాని రాలేదు.

కాబట్టి నవల అచ్చయిన ఏడాది ఒకటి, కథ జరిగే ఏడాది ఒకటి వేరుగా రాసుకోండి. ‘మిడిల్‌మార్చ్’ వచ్చింది 1871–72లో, కథ నడిచేది 1830 ప్రాంతంలో. 1870 చట్టాన్ని అందులోని నాయిక డొరోతియాకు వర్తింపజేస్తే వాదనంతా కూలిపోతుంది. పెళ్లి ఎన్నో అధ్యాయంలో జరిగిందో కూడా చూడండి. 86 అధ్యాయాల ఈ నవలలో పదో అధ్యాయానికే ఆమె పెళ్లి అయిపోతుంది. అంటే రచయిత్రి చూపించదలచింది కాపురాన్ని, వరుణ్ణి వెతకడాన్ని కాదు.

తెలుగు నవలతో పోల్చేటప్పుడు అసలు చిక్కు విధవ దగ్గర వస్తుంది. ఆ ఇంగ్లిష్ చట్టంలో ఆస్తి విషయాన పెళ్లయిన ఆడదానికంటే విధవకే స్వేచ్ఛ ఎక్కువ. మన అగ్రవర్ణాల ఇళ్లలో పరిస్థితి పూర్తిగా తలకిందులు. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1880) చదివేముందు ఈ తేడా మనసులో ఉండాలి, లేకపోతే విధవరికం అంటే అక్కడ కనిపించే భయం అర్థం కాదు. మన దేశంలో 1856 చట్టం విధవా పునర్వివాహాన్ని ఒప్పుకుంది గాని, మళ్లీ పెళ్లాడితే చనిపోయిన భర్త ఆస్తిలో హక్కు వదులుకోమంది. డొరోతియా మొగుడు వీలునామాలో పెట్టిన షరతూ ఇలాంటిదే: తన బంధువు లాడిస్లాను చేసుకుంటే ఆమెకు ఆస్తి రాదు. ఒకచోట ఒక మొగుడి పంతం, మరోచోట దేశమంతటికీ చట్టం. పోలిక వ్యాసానికి ఇంతకంటే గట్టి విషయం దొరకదు, సగం పేజీలు దీనికే కేటాయించండి.

పాత తెలుగు ప్రతులు, పత్రికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లండి. ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గాని ఒంగోలు నుంచి దగ్గరే.