మనోవర్తి పిటిషన్ నేర్చుకుందాం – 4వ పాఠం: చెరువు లీజు, కొబ్బరి దింపు, కువైట్ జీతం అఫిడవిట్‌లోకి ఎక్కించడం

పోయిన పాఠంలో పిటిషన్ ఎక్కడ వెయ్యాలో చూశాం. 2024 జులై 1 నుంచి మనోవర్తికి ఉన్న పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 144 వచ్చింది. భార్య తానున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు. భీమవరం దగ్గర అత్తవారిల్లు, కొత్తపేట వైపు పుట్టిల్లు ఉన్న మన ఉదాహరణలోని అమ్మాయి గోదావరి దాటి వాయిదాలకు తిరగక్కర్లేదన్నమాట. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీని అడగాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఈ పాఠం అసలు పని గురించి. మనోవర్తి కేసుల్లో భర్తలు వేసే కౌంటర్లు (జవాబులు) చదివితే డెల్టాలో రైతన్నవాడే లేడనిపిస్తుంది. అందరూ కూలీలే, అందరికీ నెలకు ఎనిమిది వేలే! ఇటు పిటిషన్లలోనూ తక్కువ తినలేదు: 'ప్రతివాదికి కోట్ల ఆస్తి కలదు, నెలకు రెండు లక్షలు వచ్చును' అని ఒక్క కాగితం జతచేయకుండా రాసేస్తారు. జడ్జిగారు రెండూ పక్కనపెట్టి మధ్యలో ఏదో అంకె వేస్తారు. ఆ అంకె మనకు నచ్చకపోతే తప్పు చాలావరకు ప్రమాణం చేసి ఇచ్చే మన అఫిడవిట్‌దే.

రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. మనోవర్తి అడిగేవారూ, ఇవ్వాల్సినవారూ ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి చెప్పాలి. దానికి నమూనా ఫారాలు తీర్పు చివర అనుబంధాలుగా ఉన్నాయి. మొదటిది ఉద్యోగాలు, వ్యాపారాల వాళ్లకు. రెండోది వ్యవసాయదారులకు. మన జిల్లాల్లో చాలా కేసులకు సరిపోయేది రెండోదే. కానీ గుమాస్తాలు అలవాటుగా మొదటిది టైపు చేసి ఇచ్చేస్తుంటారు. అందులో 'జీతం' గడి దగ్గర 'లేదు' అని పడుతుంది, కథ అక్కడితో సరి. సంతకం పెట్టేముందు ఏ ఫారమో చూసుకోండి. ఊళ్లో పొలమూ, టౌన్‌లో షాపూ రెండూ ఉంటే వర్తించే గడులన్నీ నింపమని అడగండి.

వ్యవసాయదారుల ఫారం ఏమడుగుతుందంటే: భూమి ఎంత, ఎక్కడ, అందులో తన వాటా ఎంత, మాగాణా మెట్టా, ఏ పంటలు, కౌలుకిచ్చారా తీసుకున్నారా, పాడి, కోళ్లు, చేపలు ఉన్నాయా, అప్పులేంటి, గడిచిన మూడేళ్లలో ఎంత వచ్చింది. రొయ్యల చెరువూ, సార్వా దాళ్వా వరి పంటలూ రెండూ పట్టే గడులివి.

ఇక రాసే తీరు. ప్రతి వాక్యం వెనుక 'ఇది నాకెలా తెలుసు?' అన్న జవాబుండాలి. కళ్లారా చూసినది వేరు, విని నమ్మినది వేరు. మధ్యంతర మనోవర్తి దరఖాస్తుల్లో విన్నదీ రాయొచ్చు గానీ, ఎవరి ద్వారా విన్నారో, ఎందుకు నమ్ముతున్నారో కూడా రాయాలి. కోట్ల ఆస్తి అన్న వాక్యాన్ని ఇలా తిరగరాద్దాం:

'ప్రతివాది పేరున ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో 2 ఎకరాలు ఉంది. 1బి (భూమి హక్కుల రికార్డు) నకలు జతచేశాను. నేను కాపురానికి వచ్చినప్పుడు అది వరి పొలం. తర్వాత చెరువు తవ్వించడం నేను చూశాను. ఇప్పుడు లీజుకిచ్చారు. ఎకరానికి ఏడాదికి లక్ష రూపాయలని మా మామగారు నా ఎదుట అన్నారు. ఆ చుట్టుపక్కల లీజులూ అలాగే ఉన్నందున నమ్ముతున్నాను.'

ఇందులో కోపం కనపడదు. కానీ అవతలి ప్లీడరు దీన్ని ఒక్క ముక్కలో 'అబద్ధం' అని కొట్టిపారేయలేడు. ప్రతి అంశానికీ విడివిడిగా జవాబు చెప్పుకోవాలి.

కాగితాలు ఇంట్లో కూర్చునే తీయొచ్చు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి, అడంగల్ (సాగు వివరాల రికార్డు) దొరుకుతాయి. అడంగల్‌లో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వేరుగా ఉంటే కౌలుకో లీజుకో ఇచ్చారనడానికి అదొక ఆధారం. భూమి ఈ మధ్యే తమ్ముడి పేరుకో తల్లి పేరుకో మారిందని అనుమానముంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. కేసు తేదీకి అటూ ఇటూ జరిగిన గిఫ్టు దస్తావేజులు అందులో బయటపడతాయి.

మామగారి పేరున ఉన్న పొలాన్ని మాత్రం భర్త పొలమని రాయకండి. ఆ ఒక్క తప్పుతో మిగతా నిజాలకూ విలువ పోతుంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే 'పంపకాలు కాలేదు, ప్రతివాదికి ఇంత వాటా ఉంది' అని రాయాలి.

ఏడాది రాబడిని నెలకు తెచ్చే లెక్క ఇప్పుడు చేద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. చెరువు 2 ఎకరాలు, ఎకరానికి లక్ష: 2,00,000. కొబ్బరి ఎకరం పావు, 80 చెట్లు. రెండు నెలలకో దింపు (కాయ కోత), అంటే ఏడాదికి 6. దింపుకు 800 కాయ, కాయ 12 రూపాయలు: 57,600. దింపు కూలి, ఎరువులు కలిపి 17,600 తీసేస్తే 40,000. మొత్తం 2,40,000. నెలకు 20,000. ఖర్చు మనమే తీసి చూపించాలి. తీయకుండా చూపిస్తే అవతలివాళ్లు రెట్టింపు చేసి తీస్తారు. కొబ్బరి ధర ఏటేటా ఎగిరి పడుతుంది కాబట్టి ఒక్క మంచి ఏడాది పట్టుకోకుండా మూడేళ్లూ రాయండి.

రాజోలు, మలికిపురం వైపు వాళ్లకు ఇంకో చిక్కు: భర్త కువైట్‌లో ఉంటాడు. మొదటి ఫారంలో విదేశాల్లో ఉన్నవారికి ప్రత్యేక భాగముంది. జీతం అక్కడి కరెన్సీలో రాసి, పక్కన ఫలానా తేదీ రేటు ప్రకారం రూపాయల్లో రాయండి. జీతం కాగితం మీ దగ్గర ఎలాగూ ఉండదు. గొడవకు ముందు మీ ఖాతాకు నెలనెలా పంపిన డబ్బు పాస్‌బుక్‌లో ఉంటుంది కదా, ఆ పేజీలే మీ సాక్ష్యం. ఎప్పుడు ఆగిందో ఆ నెల కూడా రాయండి.

మీ సొంత గడుల దగ్గర చాలామంది భయపడతారు. నరసాపురం లేసు అల్లి నెలకు నాలుగు డబ్బులు తెచ్చుకునే ఆవిడ, అది రాస్తే మనోవర్తి రాదేమోనని 'ఆదాయం లేదు' అంటుంది. రాయాలి. సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదని అదే తీర్పులో ఉంది. దాచినది బయటపడితే మాత్రం తప్పుడు ప్రమాణం కింద చర్యలు మీ మీదికే వస్తాయి. కుట్టుమిషను, డ్వాక్రా అప్పు, చేతిలో ఉన్న బంగారం అన్నీ రాయండి. అత్తవారింట ఉండిపోయిన బంగారాన్ని 'ప్రతివాది వద్ద ఉన్నది' అని విడిగా రాయండి.

ఖర్చుల దగ్గర ఇంకో పొరపాటు. పుట్టింట్లో ఉంటున్నాం కదాని తిండికి, అద్దెకు సున్నా వేస్తారు. అన్నయ్య పెడుతున్నాడంటే భర్త బాధ్యత తీరినట్టు కాదు. బియ్యం, గ్యాసు, పిల్లల ఫీజు, ఆటో, మందుల్లో మీ వాటా ఎంతో రాసి, ప్రస్తుతం ఎవరు భరిస్తున్నారో చెప్పండి. అన్నయ్య అప్పుగా ఇచ్చినదైతే అప్పుల గడిలో వెయ్యండి.

దాఖలయ్యాక అవతలివాళ్లు గరిష్ఠంగా నాలుగు వారాల్లో జవాబుతో పాటు తమ అఫిడవిట్ ఇవ్వాలి. రెండుకు మించి వాయిదాలు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. కావాలని సాగదీస్తే వాళ్ల డిఫెన్స్ (వాదన) కొట్టేసే అధికారం కోర్టుకుంది. అయినా అడగందే ఏదీ కదలదు, మూడో వాయిదా నాడు మీ వకీలుకు గుర్తుచెయ్యండి. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలి, కనుక పిటిషన్ మీద పడిన తేదీ స్టాంపు జెరాక్సు దగ్గర పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి దాంట్లో భర్త రాబడి ఒక్కొక్కటీ, రెండో దాంట్లో అది మీకెలా తెలుసో, మూడో దాంట్లో ఏ కాగితముందో. మూడోది ఖాళీగా ఉన్న వరుసలకు మీభూమి, పాస్‌బుక్, ఈసీ ఈ మూడిట్లో ఏది పనికొస్తుందో పెన్సిల్‌తో రాయండి. అప్పటికీ ఖాళీగా మిగిలిన వాటికి అవతలివాళ్లనే కాగితాలు తెమ్మని కోర్టును అడగొచ్చు. ఆ దరఖాస్తు 5వ పాఠంలో రాద్దాం.

ఆర్డరయ్యాక డబ్బు కట్టకపోతే ఏం చెయ్యాలన్నది 6వ పాఠం. ఇప్పటికే ఆర్డరు చేతిలో ఉన్నవాళ్లు అంతదాకా ఆగకండి. ఏ నెల బకాయికైనా అది కట్టాల్సిన తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు వేస్తేనే వారంట్ వస్తుంది.