జర్మన్ నేర్చుకుందాం – 12వ పాఠం: 'మన్'

పోయిన పాఠంలో 'క్యోనెన్' (చేయగలగడం), 'డ్యూర్ఫెన్' (అనుమతి ఉండటం) క్రియలు చూశాం. వాటి పక్కన తరచుగా కనిపించే చిన్న మాట 'మన్'. ఈ పాఠమంతా దానిదే.

'దీన్ని తెలుగులో ఏమంటారు?' అని అడుగుతాం. ఎవరంటారో చెప్పం, చెప్పే అవసరమూ లేదు. జర్మన్‌లో ఇలాంటి చోట కర్తను వదిలేయడం కుదరదు. ఆ స్థానంలో కూర్చునేదే 'మన్'. 'వీ జాక్ట్ మన్ డస్ ఔఫ్ డోయిచ్?' అంటే 'దీన్ని జర్మన్‌లో ఏమంటారు?' అని. ఈ వాక్యాన్ని ఈరోజే కంఠస్థం చేయండి. తెలియని ప్రతి వస్తువు పేరూ దీనితోనే అడిగి తెలుసుకోవచ్చు.

'పురుషుడు' అనే నామవాచకాన్ని కూడా 'మన్' అనే పలుకుతారు. రాతలో దానికి మొదట పెద్ద అక్షరం, చివర రెండు 'ఎన్'లు. మన సర్వనామానికి ఒకే 'ఎన్', వాక్యం మొదట్లో తప్ప అంతటా చిన్న అక్షరమే.

తెలుగువాళ్లం తడబడేది క్రియ దగ్గర. 'అంటారు' బహువచనం కదా అని 'మన్ జాగెన్' అనేస్తాం. అది తప్పు. ఊరంతటి గురించి చెప్పినా క్రియ ఏకవచనమే: మన్ జాక్ట్ (అంటారు), మన్ మాఖ్ట్ (చేస్తారు), మన్ కన్ (చేయగలరు). ఇంకొకటి, 'మన్'తో మొదలుపెడితే 'మన్'తోనే కొనసాగించాలి. 'వెన్ మన్ మ్యూడె ఇస్ట్, జోల్ మన్ ష్లాఫెన్', అంటే అలసిపోతే నిద్రపోవాలి. రెండో 'మన్' బదులు 'ఎర్' (అతడు) పెడితే అలసినది ఒకరు, పడుకునేది మరొకరు అయిపోతారు.

'మన్' కర్తగా మాత్రమే వస్తుంది. 'ఎవరినైనా' అనాలంటే 'ఆయ్‌నెన్', 'ఎవరికైనా' అనాలంటే 'ఆయ్‌నెమ్'. 'జో ఎట్‌వస్ కన్ ఆయ్‌నెమ్ పసీరెన్' అంటే అలాంటిది ఎవరికైనా జరగవచ్చు.

నాకు అన్నిటికంటే నచ్చే వాడుక వేరే ఉంది. జర్మనీలో ఆదివారం ప్రశాంతంగా గడవాలి. ఖాళీ గాజు సీసాలు వేసే పెద్ద పెట్టెల్లో ఆ రోజు సీసా వేస్తే భళ్లున మోగుతుంది. అప్పుడు పక్కింటి పెద్దావిడ 'డస్ మాఖ్ట్ మన్ నిష్ట్' అంటుంది. 'నువ్వు చేయకు' అని కాదు, 'అలా చేయరు' అని. మన ఇళ్లలో పెద్దలు పిల్లలకు చెప్పే మాట ఇదే కదా! వేలెత్తి చూపకుండా ఆచారం నేర్పే వాక్యం ఇది.

అభ్యాసం: వీటిని 'మన్'తో జర్మన్‌లో రాయండి. జవాబులు వచ్చే పాఠంలో.
ఇక్కడ పొగ తాగకూడదు.
బవేరియాలో 'గ్రూస్ గాట్' అంటారు. (బవేరియా జర్మనీలో ఒక రాష్ట్రం, 'గ్రూస్ గాట్' అక్కడి పలకరింపు.)
ఇక్కడ ఈత కొట్టవచ్చా?